తొలి విమానాల నాటి ఫోటో చేతికొస్తే: కాలం పట్టడం, విమానాన్ని గుర్తించడం, పాడవకుండా దాచడం

గుడ్డ రెక్కలు, వెదురు కర్రల్లాంటి కట్టుబడి, చుట్టూ టోపీల మనుషులు. వెనక ఎవరో సిరాతో "1905" అని రాశారు. ఇలాంటి ఫోటో పాత ఆల్బంలోనో, పాతపుస్తకాల కొట్టులోనో దొరికితే ఆ అంకెను నమ్మాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. జవాబు కోసం చాలామంది తిన్నగా విమానం దగ్గరికే వెళ్తారు. అక్కడే దెబ్బతింటారు. 1903 నాటి దృశ్యాన్ని 1953లోనూ అచ్చు వెయ్యొచ్చు, ఊరి బొమ్మ మీద విమానాన్ని అతికించనూ వచ్చు. కాగితం అంత సులువుగా అబద్ధమాడదు. అందుకని ఇక్కడి వరస ఇది: ముందు వస్తువు, తర్వాత బొమ్మ, చివర్న రాతలు.

నమూనాగా లోకమంతా ఎరిగిన ఫోటోనే, రైట్ సోదరుల తొలి ఎగురుడుదే, తీసుకుందాం. 1903 డిసెంబరు 17, ఉదయం 10:35, అమెరికాలో నార్త్ కరోలినా తీరాన కిట్టీ హాక్ ఊరి దగ్గరి కిల్ డెవిల్ హిల్స్ ఇసుక మేట. ఆర్విల్ రైట్ బోర్లా పడుకుని నడుపుతున్నాడు, విల్బర్ కుడి రెక్క పక్కన నిలబడ్డాడు. యంత్రం తాను జారే పట్టా చివరికి వచ్చి సుమారు రెండడుగులు లేచిన క్షణమది. కెమెరాను మూడుకాళ్ళ మీద నిలిపి గురి చూసిపెట్టింది ఆర్విల్. షట్టర్‌ని తెరిచే రబ్బరు బంతి నొక్కింది జాన్ డేనియల్స్ అనే తీరరక్షక సిబ్బంది మనిషి. కెమెరా గండ్‌లాక్ కంపెనీ వాళ్ళ కొరోనా, లోపల ఫిల్ముకి బదులు 5×7 అంగుళాల గాజు పలక, అదే నెగెటివ్. ఆ ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. ఫోటో వచ్చిందో రాలేదో తమ ఊరు డేటన్‌లోని ఇంటి చీకటి గదిలో పలక కడిగేదాకా వాళ్ళకే తెలియదు.

దగ్గర పెట్టుకోవలసినవి

గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే 10 రెట్ల భూతద్దం, కుదిరితే 30 రెట్లది ఇంకొకటి. నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి, 365 నానోమీటర్లది. మి.మీ. గీతలున్న స్కేలు, గాలి ఊదే రబ్బరు బల్బు, మెత్తటి బ్రష్, హెచ్‌బీ పెన్సిల్, నైట్రైల్ గ్లౌజులు. నూలు గ్లౌజులు వద్దు. గాజు పలక వాటిలోంచి జారుతుంది, చిరిగిన కాగితం అంచు వాటి పోగుల్లో చిక్కుకుంటుంది. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, టీ గ్లాసు ఇంకో గదిలో పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి.

ఫోటో ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు. మన ఉక్కపోతకి జిలాటిన్ పొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. లాగితే మొహం అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. అద్దంతో సహా కాపీ తీసి అలాగే ఉంచండి.

మొదటి అడుగు: వెనక్కి తిప్పండి

పోస్టుకార్డయితే పని సగం అయినట్టే. వెనకవైపు నిలువు గీతతో రెండు భాగాలు, ఎడమ ఉత్తరానికి, కుడి చిరునామాకి, ఉంటే ఆ కార్డు ఒక తేదీకి ముందుది కాలేదు. ఈ పద్ధతి బ్రిటన్‌లో 1902లో, జర్మనీలో 1905లో, అమెరికాలో 1907 మార్చి 1న వచ్చింది. అమెరికా కార్డుకి వెనక నడిమి గీత ఉండి "1905" అని రాసి ఉంటే, ఆ రాత తర్వాత ఎవరో గుర్తుచేసుకుని రాసినదే. తపాలా బిళ్ళ అంటించే గడి కూడా చూడండి. ఏజో అనే రకం ఫోటో కాగితం మీద ఆ గడి మూలల్లో నాలుగు త్రికోణాలూ పైకి చూస్తుంటే సుమారు 1904–1918, రెండు పైకి రెండు కిందికి ఉంటే సుమారు 1918–1930 అని సేకర్తలు లెక్కేస్తారు. ఇది కాగితం తయారైన కాలం. అచ్చువేసింది ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు, ముందు మాత్రం కాదు.

తపాలా ముద్ర ఉంటే భూతద్దంతో అంకెలు చదవండి. మన దేశపు తొలి విమాన కార్డుల్లో వెతకదగ్గ ముద్ర ఒకటుంది. 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచి పైలట్ ఆన్రీ పెకె హంబర్ బైప్లేన్‌లో (ఒకదానిపై ఒకటి రెండు వరసల రెక్కల విమానం) అలహాబాదు ప్రదర్శన మైదానం నుంచి యమున దాటి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలు మోసుకెళ్ళాడు. వాటి మీద తొలి వైమానిక తపాలా అని ఇంగ్లీషులో ప్రత్యేక ముద్ర వేశారు. విలువైనది గనక దొంగముద్రలకూ కొదవ ఉండదు. ముద్ర సిరా బిళ్ళ మీంచి కార్డు మీదికి తెగకుండా పాకిందా లేదా చూడండి.

స్టూడియో ముద్రలు, పెన్సిల్ నంబర్లు, పత్రికాఫీసు చీటీలు అన్నీ ఉన్నవున్నట్టు ఫోటో తీసుకోండి. చీటీ పీకితే దాని కింద రాత దొరకొచ్చు గానీ, ఆ ఆశతో చీటీని పాడుచెయ్యొద్దు. పక్కనుంచి టార్చి వేస్తే కిందనున్న పెన్సిల్ నొక్కుడు చాలాసార్లు కనబడుతుంది.

రెండో అడుగు: భూతద్దం కింద పొర

పది రెట్లకే ఒక పెద్ద ప్రశ్న తేలుతుంది. బొమ్మంతా వరసలు కట్టిన చుక్కలైతే అది ఫోటో కాదు, పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయిన పేజీ. దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టినవి కొల్లలు. చుక్కలకు బదులు పురుగులు పాకినట్టు మెలికల గీతలుంటే అది కొలోటైప్, అదీ అచ్చే. ఏ మచ్చా లేకుండా నలుపు నుంచి తెలుపుకి మెల్లగా కరిగితే అప్పుడది ఫోటో ప్రింటు.

30 రెట్ల కింద కాగితపు నారలు కనబడుతూ, తెల్లని చోట్లు పసుపు తిరిగి, సన్నని నెర్రెలుంటే ఆల్బుమిన్ ప్రింటు, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. 1900 తర్వాత దాని వాడకం బాగా తగ్గింది కాబట్టి విమానం బొమ్మతో అది కనబడితే అనుమానించండి. నారలు కనబడకుండా నున్నగా, ఊదా గోధుమ రంగులో ఉంటే ఎండలో ముద్రించే కాగితం కావచ్చు. నారలు కనబడకుండా మామూలు నలుపులో ఉండి, ఏటవాలుగా పట్టినప్పుడు అంచుల్లో నల్లని భాగాలు వెండి రేకులా మెరిస్తే అది జిలాటిన్ సిల్వర్ ప్రింటు. ఆ మెరుపు వెండి పైకి తేలడం వల్ల వస్తుంది, దశాబ్దాలు పడుతుంది. మురికి అనుకుని తుడవొద్దు.

తర్వాత గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వెయ్యండి. కాగితం ఉతికిన తెల్లచొక్కాలా నీలంగా వెలిగితే అందులో తెలుపెక్కించే రసాయనం ఉంది. ఫోటో కాగితాల్లో అది 1950ల నుంచి మామూలైంది. 1909 బొమ్మ ఉన్న ఆ కాగితం అసలు నాటిది కాదు. వెలగకపోతే పాతదని రుజువు కాదు, కొత్తదని చెప్పే సాక్ష్యం లేదని మాత్రమే. సబ్బు నీళ్ళు తగిలిన కాగితమూ వెలుగుతుంది గనక అంచు, నడుమ, వెనక మూడు చోట్లా చూడండి.

పలకకు తగిలిన గాయాలూ కాలం చెబుతాయి. రైట్ సోదరుల గాజు పలకలు 1913 మార్చిలో డేటన్ వరదనీటిలో మునిగాయి. తొలి ఎగురుడు పలకకి దిగువ మూలన ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పొర, కొంత ఊడింది. ఆ లోపం కనబడే ప్రింటు ఏదైనా వరద తర్వాత వేసినదే. మీ ఫోటోలోనూ పగులు గీతలు, ఊడిన మూలలు, పలకపై గీరిన అక్షరాలు వెతకండి. అదే బొమ్మ ఇంకో కాపీలో ఆ పగులు లేకపోతే ఆ కాపీ ముందుది.

మూడో అడుగు: విమానం

ఇప్పుడు బొమ్మలోకి రండి. రెక్కలు లెక్కపెట్టే ముందు ఐదు సంగతులు కాగితం మీద రాసుకోండి: చక్రాలా, స్కీలాంటి కర్రలా? ప్రొపెల్లర్ ముందుండి లాగుతోందా, వెనకుండి నెడుతోందా? రెక్కల ముందు చిన్న రెక్క ఉందా? పైలట్ పడుకున్నాడా, కూర్చున్నాడా? తోక ఏ ఆకారం?

రైట్‌ల యంత్రం ఈ ఐదింటితోనే దొరికిపోతుంది. ఒకటే ఇంజను, గొలుసులతో తిరిగే రెండు ప్రొపెల్లర్లు వెనక, ఎత్తు మార్చే జంట పలకలు ముందు, చుక్కాని వెనక. చక్రాల్లేవు. 1903 యంత్రం 60 అడుగుల పట్టా మీంచి ఎదురుగాలి బలంతోనే లేచింది. 1904 నుంచి బరువు జారవిడిచి తోసే ఎత్తైన కర్ర గోపురం వాడారు. కాబట్టి పక్కన ఆ గోపురం ఉన్న ఫోటోకి "1903 కిట్టీ హాక్" అని రాసి ఉంటే కొట్టెయ్యండి. పైలట్ కూర్చుని ఉంటే 1908 లేదా తర్వాత. ముందు పలకలు పోయి చక్రాలు వస్తే 1910 నాటి మోడల్ బీ. 1908 ఆగస్టు 8న ఫ్రాన్సులో ల మాన్ దగ్గర విల్బర్ ఎగిరి చూపించాక రైట్ ఫోటోల జాతర మొదలైంది. వ్యాపారంలో తిరిగే "తొలి ఎగురుడు" కార్డుల్లో ఈ 1908–1909 బొమ్మలే ఎక్కువ.

రెక్కల మధ్య గదుల్లా నిలువు గుడ్డ తెరలు, వెనక పెట్టె గాలిపటం లాంటి తోక ఉంటే ఫ్రెంచి వాజాన్ విమానం. 1908 జనవరి 13న ఆన్రీ ఫార్మన్ కిలోమీటరు చుట్టు తిరిగొచ్చింది ఇలాంటిదాని మీదే. తెరలు తీసేసి, రెక్కల అంచుల్లో మడతపడే పలకలు, చక్రాలూ స్కీలూ కలిపి ఉంటే 1909 నాటి ఫార్మన్. పెట్టె గాలిపటం ముక్కు ముందుకి పొడుచుకొచ్చి, విమానం వెనక్కి పోతున్నట్టు కనబడితే శాంతోస్ ద్యుమోన్ 14-బిస్, 1906 నవంబరు 12న 220 మీటర్లు ఎగిరినది. అతనిదే వెదురు కట్టుబడి బుల్లి విమానం దెమ్వాజెల్. పడవలాంటి పొడవాటి ఒళ్ళుంటే ఆంత్వానెత్.

ఒంటి రెక్కల బ్లేరియో 11 మీ చేతికి రావడానికి ఎక్కువ అవకాశముంది, ఎందుకంటే దాన్ని ఎన్నో దేశాల్లో నకలు చేశారు. ఒంటి వెనక సగం గుడ్డ లేకుండా కర్రల అస్థిపంజరంలా ఉంటుంది, పైలట్ ముందు తీగలు కట్టే చిన్న గోపురం. లూయీ బ్లేరియో 1909 జులై 25న ఫ్రాన్సులోని కాలే నుంచి ఇంగ్లీష్ కాలువ మీదుగా ఇంగ్లండులోని డోవర్‌కి దాటినప్పుడు ముక్కున మూడు సిలిండర్ల 25 గుర్రాల అంజాని ఇంజను ఉంది. సిలిండర్లు విసనకర్రలా మూడే కనబడితే ఆ తరగతి. గుండ్రంగా చుట్టూ ఏడు ఉంటే నోమ్ రోటరీ, కాస్త తర్వాతిది.

ఈ రోటరీ ఒక మంచి పరీక్ష కూడా. అందులో ప్రొపెల్లర్‌తో పాటు సిలిండర్లన్నీ గిర్రున తిరుగుతాయి. ప్రొపెల్లర్ చెరిగిపోయి సిలిండర్లు మాత్రం స్పష్టంగా కనబడితే ఎవరో ప్రొపెల్లర్‌ని చేత్తో చెరిపారన్నమాట.

గుర్తులుంటే ఇంకా తేలిక. సైనిక వలయాలు ఫ్రాన్సులో 1912లో, బ్రిటన్‌లో 1914 చివర్లో వచ్చాయి. ఫ్రాన్సుది మధ్యలో నీలం, బయట ఎరుపు. బ్రిటన్‌ది తిరగేసి. ఇక్కడ తిరకాసు ఉంది. ఆనాటి పలకలకి ఎరుపు కనబడదు, నీలం మరీ ఎక్కువ కనబడుతుంది. అందువల్ల ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. మధ్యలో నల్లచుక్క, బయట పాలిపోయిన వలయం ఉంటే బ్రిటన్, తిరగేస్తే ఫ్రాన్సు. ఆకాశం ఎప్పుడూ సున్నం కొట్టినట్టు ఉండడానికీ ఇదే కారణం. జర్మనీ శిలువకి చేతులు అంచున వెడల్పైతే 1918 వసంతానికి ముందు, తిన్నని పట్టీలైతే తర్వాత.

తెలుగు ఇళ్ళలో దొరికేవి చాలామటుకు ఇంకా తర్వాతివి. ఒంటి మీద వీటీ అన్న ఇంగ్లీషు అక్షరాలుంటే 1929 లేదా తర్వాత నమోదైన భారతీయ విమానం. జేఆర్‌డీ టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి తపాలా తెచ్చిన పుస్ మాత్ మీదా ఆ అక్షరాలే. బేగంపేటలో దిగిన రెండింజన్ల డకోటా, పక్కన దక్కన్ ఎయిర్‌వేస్ పేరు ఉంటే 1945–1953 మధ్యది.

నాలుగో అడుగు: బొమ్మ తిరగబడిందా, అతికించిందా

గాజు పలకని తప్పు వైపునుంచి ముద్రిస్తే అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. అక్షరాలుంటే వెంటనే తెలుస్తుంది. లేకపోతే మగవాళ్ళ కోటు చూడండి. తొడుక్కున్నవాడి ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. రైట్ యంత్రానికి సొంత గుర్తుంది: 1903 దాన్ని వెనకనుంచి చూస్తే పైలట్ మధ్యగీతకి ఎడమన, ఇంజను కుడిన ఉంటాయి.

అతికింపులు ఆ రోజుల్లో మోసంగా కాక వ్యాపారంగా చేశారు. ఒకే విమానం బొమ్మని పది ఊళ్ళ కార్డుల మీద పెట్టేవారు. విమానం చుట్టూ సన్నని తెల్లని లేదా నల్లని గీత, తీగలు మధ్యలో తెగిపోవడం, ఎగురుతున్నా నిలబడి ఉన్న ప్రొపెల్లర్, విమానం మీద వెలుగు ఒకవైపు నుంచి మనుషుల మీద ఇంకోవైపు నుంచి, ఇవన్నీ పట్టిస్తాయి.

నీడల లెక్క కూడా చెయ్యొచ్చు. నిటారుగా నిలబడ్డ మనిషి ఎత్తుకి నీడ రెండింతలుంటే సూర్యుడు సుమారు 27 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. డోవర్ ప్రాంతంలో డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీల పైన ఎంతో ఎక్కడు, నీడ మూడున్నర రెట్లు. జూన్ మధ్యాహ్నం నీడ మనిషిలో సగమే. బ్లేరియో లేచింది తెల్లవారుజాము 4:41కి. "కాలువ దాటడానికి లేస్తున్న బ్లేరియో" అన్న బొమ్మలో నీడలు పొట్టిగా కాళ్ళ కిందే ఉంటే అది వేరే రోజుది.

ఐదో అడుగు: స్కాన్

ఏ యాప్ వాడినా మొదటి ఫైలు ఏ దిద్దుబాటూ లేని టిఫ్ (నాణ్యత తగ్గించకుండా దాచే ఫైలు రకం) కావాలి. నలుపు తెలుపు ప్రింటైనా రంగులోనే స్కాన్ చెయ్యండి. పసుపు తిరగడం, వెండి మెరుపు, సిరా రాత సాక్ష్యాలే. 5×7 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 600 పిక్సెళ్ళు చాలు, 3000×4200 వస్తుంది. పోస్టుకార్డుకి 1200 పెట్టండి, తీగలు విడివిడిగా కనబడతాయి. వెనకవైపూ స్కాన్ చెయ్యాలి, చాలామంది మర్చిపోయేది అదే.

గాజు పలకకి 1200 తక్కువ కాకుండా, 16 బిట్లలో: 5×7కి 6000×8400 పిక్సెళ్ళు, బూడిద రంగులో ఒక్కో ఫైలు సుమారు 100 ఎంబీ. మామూలు స్కానర్ మీద పెట్టి మూత నొక్కితే పలక పగులుతుంది, నొక్కకపోయినా గాజు గాజుకి ఆని ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి. అంతకన్నా లైట్ పలక మీద నాలుగు మూలలా మి.మీ. మందం అట్టముక్కలు పెట్టి, వాటిపై గాజు నెగెటివ్ ఉంచి, పైనుంచి కెమెరాతో తియ్యడం నయం. మెరుపు లేకుండా కనబడే వైపు ఎమల్షన్, దాన్ని పైకి పెట్టి తర్వాత ఫైలుని అడ్డంగా తిప్పుకోండి. ఫిల్ము స్కానర్లలో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ బటన్ ఆపెయ్యండి. వెండి ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది కాబట్టి యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటుంది. మొహాలు పదునుపెట్టే కృత్రిమ మేధ యాప్‌లు లేని తీగల్ని గీస్తాయి, ఉన్నవాటిని మింగేస్తాయి. సరదాకి చేసుకుంటే వేరే పేరుతో దాచండి, గుర్తింపుకి మాత్రం వాడొద్దు.

ఆరో అడుగు: పోల్చడం, రాయడం

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రైట్‌ల గాజు నెగెటివ్‌లు మూడొందలకి పైగా ఉన్నాయి. ఆర్విల్ ఆస్తి నుంచి 1949లో చేరాయి, పెద్ద ఫైళ్ళు ఉచితంగా దిగుతాయి. అక్కడే బెయిన్ వార్తా సంస్థ పలకలున్నాయి, వాటి అడుగున తెల్ల అక్షరాలతో పేరు గీరి ఉంటుంది. ఐరోపా విమానాలకి ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయపు ఆన్‌లైన్ భాండాగారం గాలికాలో రోల్ ఫోటో సంస్థ పలకలు చూడండి. మీ బొమ్మకి సరిగ్గా జోడు దొరక్కపోయినా, అదే మైదానం, అదే షెడ్డు, అదే జనం ఉన్న పక్క ఫోటో దొరికితే తేదీ దొరికినట్టే.

వివరం రాసేటప్పుడు మూడు సంగతులు కలిపెయ్యొద్దు: కంటికి కనబడేది, దాన్నిబట్టి తేల్చింది, వెనక రాసి ఉన్నది. ఉదాహరణకి: "జిలాటిన్ సిల్వర్ పోస్టుకార్డు, వెనక నడిమి గీత. నెట్టే ప్రొపెల్లర్ల బైప్లేన్, పైలట్ కూర్చున్నాడు, పక్కన గోపురం. రైట్ యంత్రం, 1908–1910. వెనక సిరాతో 1905 అని రాత." మూడేళ్ళ తర్వాత ఎవరైనా కొత్త సంగతి కనుక్కుంటే ఏ వాక్యం మార్చాలో తెలుస్తుంది. ప్రింటు వెనక రాయాల్సివస్తే అంచున, గట్టి బల్ల మీద బోర్లా పెట్టి, పెన్సిల్‌తో మెల్లగా. బాల్ పెన్ నొక్కుడు ముందువైపు తేలుతుంది.

దాచడం

మన దగ్గర అసలు శత్రువు చెమ్మ. తేమ 60 శాతం దాటి నిలబడితే బూజు పడుతుంది, 30–50 మధ్య ఉంచాలి. అటక మీద ఎండవేడి, కింది గదిలో వాననీరు, కాబట్టి లోపలి గదిలో ఇనప బీరువా మధ్య అర మేలు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపే గది, ఏసీ లేని గదికన్నా చెడ్డది. తేమ పడిలేచిన ప్రతిసారీ ఎమల్షన్ ఉబ్బి కుంచించుకుని అంచుల్లో లేస్తుంది. చిన్న తేమ కొలత యంత్రం ఒకటి, సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. నారింజ రంగు గింజలు రంగు మారగానే 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి.

ఒక్కో ప్రింటుకి ఆమ్లం లేని కాగితపు కవరు. ప్లాస్టిక్ తొడుగు ఉక్కపోతలో జిలాటిన్‌కి అంటుకుంటుంది, పీవీసీ అయితే మరీ దారుణం. జిగురు పేజీల ఆల్బంలు, సెలోటేప్, ఫెవికాల్, రబ్బరు బ్యాండ్లు, కలరా ఉండలు దగ్గరికి రానివ్వొద్దు. గాజు పలకలు పడుకోబెట్టకూడదు, కిందున్నది బరువుకి పగులుతుంది. పొడవు అంచు మీద నిలబెట్టి, నాలుగు వైపులా మడిచే కవర్లలో, మధ్యమధ్య గట్టి అట్ట పెట్టండి. 5×7 పలక ఒక్కోటి 80–90 గ్రాములుంటుంది, పెట్టెకి ఇరవై మించితే ఎత్తేటప్పుడు అడుగు ఊడుతుంది. "గాజు" అని పెట్టె నాలుగువైపులా రాయండి.

దుమ్ముంటే గాలి బల్బుతో ఊది, బ్రష్‌తో మధ్యనుంచి అంచుకి. పలకకి గాజు వైపు మాత్రం డిస్టిల్డ్ వాటర్ తగిలీతగలని దూదితో తుడవొచ్చు, అంచు దాకా పోకుండా. ఎమల్షన్ వైపు నీళ్ళు, ఉమ్మి, స్పిరిట్ ఏదీ వద్దు.

వరద నీట తడిస్తే మొహాలు ఒకదానికొకటి అతుక్కోకముందే విడదీయాలి. చన్నీళ్ళలో బురద వదిలేదాకా ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. రెండు రోజుల్లో అన్నీ ఆరబెట్టలేనన్ని ప్రింట్లుంటే మిగతావి పాలిథీన్ సంచుల్లో ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత కొన్నికొన్ని తియ్యండి. గాజు పలకల్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గిన్నెలు ఆరబెట్టే స్టాండులో నిలబెట్టి ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి.